కొండల ఎత్తు, పొరుగువారి చేయూత

విద్యార్థులారా! మేడ మీద నీళ్ల ట్యాంకు ఉన్న ఇంట్లో ఒక సంగతి గమనించండి. పై అంతస్తు కుళాయిలో నీరు సన్నగా వస్తుంది. కింది అంతస్తులో జోరుగా వస్తుంది. ట్యాంకు ఒకటే, నీరు ఒకటే. తేడా అంతా ఎత్తులోనే ఉంది. ఎత్తున ఉన్న నీటిలోని ఈ శక్తినే స్థితిశక్తి అంటారని మీరు చదువుకున్నారు గదా!

మన పొరుగు దేశమైన భూటాన్‌కు ప్రకృతి ఇచ్చిన ఆస్తి ఈ ఎత్తే. ఆ దేశ జనాభా 8 లక్షల లోపు. ఉత్తరాన హిమాలయ శిఖరాలు 7,000 మీటర్లు దాటుతాయి. దక్షిణ సరిహద్దులో నేల ఎత్తు కొన్ని వందల మీటర్లే. ఈ రెంటి మధ్య దూరం 200 కిలోమీటర్లు కూడా లేదు. ఇంత కొద్ది దూరంలో అంత లోతుకు దిగే నదుల నుంచి 30,000 మెగావాట్లకు పైగా విద్యుత్తు తీయవచ్చునని అంచనా. ఇప్పటికి తీస్తున్నది అందులో కొద్ది భాగమే.

ఒక లెక్క చేద్దాం. ఘనపు మీటరు నీటి బరువు 1,000 కిలోగ్రాములు. సెకనుకు ఒక ఘనపు మీటరు నీరు ఒక మీటరు ఎత్తు నుంచి పడితే లభించే సామర్థ్యం 9.8 కిలోవాట్లు. వాంగ్‌ఛు నది మీది తాలా కేంద్రంలో సెకనుకు సుమారు 140 ఘనపు మీటర్ల నీరు సుమారు 820 మీటర్లు దిగుతుంది.

9.8 × 140 × 820 = 11,25,040 కిలోవాట్లు

అంటే సుమారు 1,125 మెగావాట్లు. టర్బైన్లలో, జనరేటర్లలో కొంత వృథా అవుతుంది. తాలా కేంద్రం సామర్థ్యం 1,020 మెగావాట్లు. చూశారా, మన లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో!

అయితే కొండను తొలిచి సొరంగాలు వేయడానికి డబ్బు కావాలి, ఇంజనీర్లు కావాలి, తయారైన విద్యుత్తును కొనేవారూ కావాలి. ఇక్కడే పొరుగువారి చేయూత అవసరమైంది. ఇదే నది మీద, తాలాకు ఎగువన, 336 మెగావాట్ల చూఖా కేంద్రం కట్టడానికి 1974లో భారత్, భూటాన్ ఒప్పందం చేసుకున్నాయి. ఖర్చులో 60 శాతం గ్రాంటుగా, 40 శాతం అప్పుగా భారత్ ఇచ్చింది. 1986లో ఉత్పత్తి మొదలైంది. తన అవసరాలకు పోగా మిగిలిన విద్యుత్తును భూటాన్ మనకు అమ్ముతుంది. ఆ దేశానికి అది ముఖ్యమైన ఆదాయం. మనకు బొగ్గు మండించకుండా వచ్చే విద్యుత్తు.

మరి ఇంత జలసంపద ఉన్న భూటాన్ చలికాలంలో మన దగ్గర విద్యుత్తు కొనుక్కుంటుందంటే నమ్ముతారా? అక్కడి కేంద్రాలు చాలావరకు నది పారినంతవరకే పనిచేస్తాయి. నెలల తరబడి నీటిని నిలవ చేసే పెద్ద జలాశయాలు వాటికి లేవు. చలికాలంలో వానలు ఉండవు, మంచు కరగదు, నది చిక్కిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి విద్యుత్తు ఎక్కువ కావాలి. వర్షాకాలంలో ఇటు వచ్చిన విద్యుత్తు చలికాలంలో అటు వెళుతుంది.

కొండలు మరో చిక్కు కూడా తెస్తాయి. 1,200 మెగావాట్ల పునాత్సాంగ్‌ఛు-1 పనులు 2008లో మొదలయ్యాయి. 2013లో ఆనకట్ట కట్టేచోట కొండవాలు జారడంతో పనులు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. కాబట్టి కాగితం మీది అంచనా వేరు, తీగలో పారే విద్యుత్తు వేరు. ఆ రెంటినీ కలిపేవి విజ్ఞానం, ఓర్పు, పరస్పర సహకారం.

చేసి చూడండి: చలికాలంలో తాలాకు వచ్చే నీరు ఐదో వంతుకు తగ్గిందనుకోండి. అప్పుడు ఎన్ని మెగావాట్లు వస్తాయి? ఆ లోటును ఏయే మార్గాల్లో పూడ్చవచ్చు? మీ తరగతిలో చర్చించండి.