సంఘారాధనలో డోలక్కు, ప్యాడ్స్

చదువవలసిన భాగములు: కీర్తన 150, 1 కొరింథీ 14:7–15



అడవులదీవి ప్రాంతపు మన సంఘములలో ఒక ప్రశ్న వినబడుచున్నది: ఆరాధనకు డోలక్కు చాలునా, ప్యాడ్స్ కొనవలెనా? యౌవనస్థులదొక మాట, పెద్దలదొక మాట. వాక్యపు వెలుగులో శాంతముగా ఆలోచింతము.

ముందు రెంటి సంగతి తెలిసికొందము. డోలక్కులో కొయ్య గుల్లకు బిగించిన చర్మము దెబ్బకు అదరి, లోపలి గాలిని కదలించి నాదమిచ్చును. సముద్రపు తేమకు చర్మము సడలి శ్రుతి దిగును, మరల బిగింపవలెను. ప్యాడ్స్‌లో రబ్బరు పలక క్రింద దెబ్బను పసిగట్టు చిన్న బిళ్ల యుండును. అది దెబ్బను విద్యుత్ సంకేతముగా మార్చగా, యంత్రము తనలో దాచిన ధ్వనిని స్పీకరులోనికి పంపును. రోలాండ్ కంపెనీవారి ఎనిమిది పలకల ఆక్టోప్యాడ్ 1985లో వచ్చినది. వీటి శ్రుతి తేమకు దిగదు, ధ్వనిని తగ్గించుకొనవచ్చును. అయితే కరెంటు లేనిదే పలుకవు.

150వ కీర్తన ఊదు వాద్యములను, తీగ వాద్యములను, కొట్టు వాద్యములను కలిపి స్తుతికి పిలుచుచున్నది, దేనినీ అపవిత్రమనలేదు. వాద్యధ్వని స్పష్టముగా నుండవలెననియు, మనస్సుతో గ్రహించి పాడవలెననియు పౌలు నేర్పెను.

కొందరు చర్మవాద్యమును సిగ్గుగా ఎంచుదురు. పందొమ్మిదవ శతాబ్దమున ఒంగోలు ప్రాంతములో క్రీస్తును నమ్మిన మాదిగ సహోదరులు జాతరలలో డప్పు కొట్టుటకు నిరాకరించి హింసల పాలైరి. వారు విడిచినది విగ్రహసేవను. అదే డప్పు ప్రభువును స్తుతించినచో సిగ్గేల?

మా సంఘములో ప్యాడ్స్ వచ్చిన ఆదివారమున, ఏండ్ల తరబడి డోలక్కు వాయించిన పెద్దాయన వెనుక చాపమీద చేతులు ముడుచుకొని కూర్చుండెను. స్పీకరు హోరులో వృద్ధ స్త్రీల పాట మాకు వినబడలేదు. ఆ దినమున మేము మాటలాడక యూరకుంటిమి. అది మా తప్పు. తరువాత ఆయన యొద్దకు వెళ్లి క్షమాపణ వేడితిమి. ఇప్పుడు ఆయనయు, ప్యాడ్స్ వాయించు చిన్నవాడును ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఆయన తాళము చూపును, చిన్నవాడు అనుసరించును. గొంతుకలు వినబడునంత మట్టుకే ధ్వని పెట్టుదుము.

కావున ప్యాడ్స్ కొనదలచిన సంఘములు మూడు సంగతులు ఎంచవలెను. అప్పు చేయకుడి. వాద్యము పాటను మింగనీయకుడి. పాత వాయిద్యగానిని వెనుకకు నెట్టకుడి. నీతిన్యాయములు లేనివారి పాటల ధ్వని దేవునికి అక్కరలేదని ఆమోసు 5:23–24 హెచ్చరించుచున్నది గదా!

ఆలోచించుడి: ఈ ఆదివారము మన ఆరాధనలో ఎవరి స్వరము వినబడలేదు?