నెలలు నిండని బిడ్డ ఎముకలు

నెలలు నిండకుండ పుట్టిన బిడ్డ ఆసుపత్రిలో నెలయో రెండు నెలలో ఉండి, గండము గడచి, గ్రామమునకు చేరుట నేడు వింత కాదు. చేరిన మరునాడే ఇంట ఒక మాట వినవచ్చును: "పిల్ల పీలగా ఉన్నది, నూనె పెట్టి గట్టిగా రుద్ది నీళ్లు పోసినగాని ఒళ్లు చేయదు." ప్రేమతో అన్న మాటయే. కాని అట్టి బిడ్డకు దానివలన ఎముక విరుగు ప్రమాదము కలదు. కారణమును పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

శిశువు ఎముకలకు వలసిన కాల్షియము, భాస్వరములలో సుమారు నూటికి 80 పాళ్లు గర్భవాసపు చివరి మూడు నెలలలోనే తల్లినుండి చేరును. ఆ కాలముననే శిశువు గర్భాశయపు గోడను కాళ్లతో తన్నుచు, చేతులతో నెట్టుచుండును. తల్లులు ముచ్చటగా చెప్పుకొను ఆ తన్నులే ఎముకలకు వ్యాయామము. ఒత్తిడి తగిలిన ఎముకయే గట్టిపడును. 28, 30 వారములకే పుట్టిన బిడ్డ ఈ రెండు లాభములను కోల్పోవును. ఆపై పెట్టెలో కదలిక లేక పరుండుట, చాల దినములు నరము ద్వారా ఆహారమెక్కించుట, కొన్ని మందులు కూడ ఎముకలను పలుచజేయును. 1500 గ్రాములలోపు బరువుతో పుట్టినవారికి ఈ అపాయము హెచ్చు.

దీనికి ముఖ్య చికిత్స పోషణయే: తల్లిపాలు, డాక్టరు చెప్పినచో వానిలో కలుపు ఖనిజముల పొడి, విటమిన్ డి చుక్కలు. దానికి తోడుగా ఫిజియోథెరపీని కొందరు పరీక్షించిరి. 1995లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో రోజునకు 5 నుండి 10 నిమిషములు, వారమునకు 5 దినములు, ఒక్కొక్క కీలును మెల్లగా ముడిచి చాచి, అతిసుతారముగా అదుముచు 4 వారములు జరిపి చూచిరి. ఆ బిడ్డల బరువును, ఎముకలలోని ఖనిజములును అధికముగా పెరిగెను. అట్టి పరీక్షలన్నిటిని 2014లో సమీక్షించినవారు మాత్రము ఈ లాభము స్వల్పకాలమునకే రుజువైనదనియు, బిడ్డలందరికి నియమముగా చేయించుటకు ఆధారము చాలదనియు తేల్చిరి. కనుక ఇది పాలకు, మందులకు బదులు కాదు. శిక్షణ లేనివారు చేయరాదు.

ఆ సుతారపు కదలికకును, మన ఇండ్లలో నీళ్లు పోయు పద్ధతికిని పోలిక లేదు. చాపిన కాళ్లపై బిడ్డను పరుండబెట్టి, చేతులను రొమ్ముపై అడ్డముగా లాగుట, కాళ్లు పట్టి తలక్రిందులుగా ఎత్తుట నిండు నెలల బిడ్డకే మంచివి కావు. ఇట్టి బిడ్డకు గుడ్డ మార్చునపుడు సైతము చీలమండలు పట్టి ఎత్తక, పిరుదుల క్రింద అరచేయి ఉంచి ఎత్తవలెను. డాక్టరు అనుమతించువరకు స్నానము మాని, గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచిన చాలును. తల్లి రొమ్మున ఒంటికి ఒళ్లు తగులునట్లు హత్తుకొనుట ఎల్లవిధముల మేలు. నీళ్లు పోయు ముసలమ్మను కించపరచుటవలన ప్రయోజనము లేదు. ఆమెకే ముందుగా నచ్చజెప్పినచో ఇంటిల్లిపాది విందురు.

ఈ బలహీనత చాలమారులు రక్తపరీక్షలోగాని, ఎక్స్‌రేలోగాని తప్ప తెలియదు. బిడ్డ ఒక చేయిగాని కాలుగాని కదల్పకున్నను, ఎత్తినపుడు కెవ్వున ఏడ్చినను, వాపు కనిపించినను దిష్టియని దినములు గడపక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.

ఇచట సభ్యులు గమనింపదగిన చిక్కు ఒకటి కలదు. ఆశా కార్యకర్త బిడ్డను చూచుటకు వచ్చు తొలి విడత 42వ దినముతో ముగియును. 2018లో ఆరంభమైన కార్యక్రమము ప్రకారము మరల 3వ నెలలో వచ్చును. ఎముకల బలహీనత సాధారణముగా బయటపడునది 6 నుండి 12 వారముల నడుమ. అనగా సరిగా ఆ సందులోనే. ఆసుపత్రి చీటీపై మరల రావలసిన తేదీ వ్రాసియుండును. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘపు సమావేశములో ఆ తేదీని నమోదు చేసికొని, ప్రయాణపు ఖర్చుకు తడుముకొను కుటుంబమునకు బండి ఏర్పాటు చేయవచ్చును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద ఏర్పడిన జిల్లా సత్వర చికిత్సా కేంద్రములకు ఫిజియోథెరపిస్టును కూడ నిర్దేశించిరి. బిడ్డకు ఏ కదలిక తగునో, ఏది తగదో తల్లి అచట అడిగి తెలిసికొనవచ్చును.