రాజ్‌పుత్ సర్వీసు రికార్డు

2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమా మనలో చాలామంది చూశాం. అందులో పాకిస్తాన్ జలాంతర్గామిని ముంచింది మన జలాంతర్గామి. నౌకాదళం మాత్రం ఆ విజయాన్ని ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే డిస్ట్రాయరు ఖాతాలో జమ చేసింది. ఆ జమకు వోచరు ఏముందో చూద్దామని మొదలుపెట్టి, చివరికి నేను ఆ ఓడ సర్వీసు అంతా చదివాను.

రాజ్‌పుత్ మనకు వచ్చేనాటికే ‘సీనియరు’. స్కాట్లాండ్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో తయారై, 1942లో ‘రోథర్‌హామ్’ పేరుతో బ్రిటిష్ నౌకాదళంలో చేరింది. హిందూ మహాసముద్రంలో పనిచేసింది. 1945లో జపాన్ వారు సింగపూర్ స్థావరాన్ని అప్పగించినప్పుడు అక్కడే ఉంది. 1949లో మనం కొన్నాం. రాణా, రంజిత్ దీని తోటి ఓడలు.

1971 నాటికి దీనికి దాదాపు ముప్పై ఏళ్ళు. సర్వీసు నుంచి తప్పించే మాట కూడా నడుస్తోంది. అప్పుడు పడింది అసలు పని. మన విమాన వాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ నవంబరు 14న ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది. విక్రాంత్‌ను అండమాన్ వైపు దాచి, తూర్పు కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ రాజ్‌పుత్‌ను విక్రాంత్‌లా నటించమన్నారు. పెద్ద ఓడకు తగ్గట్టు వైర్‌లెస్ సందేశాలు గుప్పించారు. విశాఖ బజారులో భారీగా సరుకులకు ఆర్డర్లిచ్చారు. తల్లికి ఎలా ఉందంటూ ఒక నావికుడి పేర మామూలు టెలిగ్రాం కూడా పంపించారు, శత్రువు చదవాలనే! ఎర తగిలితే ముందు పోయేది ఈ పాత ఓడ, అందులోని మనుషులే.

డిసెంబరు 3 అర్ధరాత్రి లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రాజ్‌పుత్ విశాఖ రేవు దాటింది. ఎదురుగా నీటిలో అనుమానాస్పదమైన కదలిక కనిపించింది. వేగం పెంచి రెండు డెప్త్ చార్జీలు వదిలారు. ఇవి పీపాల్లాంటి బాంబులు; నిర్ణయించిన లోతుకు చేరాక నీటి పీడనంతో పేలతాయి. తగలనక్కర్లేదు, దగ్గర్లో పేలితే చాలు. కాసేపటికి పెద్ద పేలుడు. రాజ్‌పుత్ ఆగలేదు, తన దారిన పోయింది. తర్వాత జాలరులు తెచ్చిచ్చిన లైఫ్ జాకెట్టు వగైరాలతో ఆచూకీ దొరికి, డైవర్లు దిగి అది ఘాజీయేనని తేల్చారు.

ఇక్కడే లెక్క కుదరదు. ఘాజీ తాను పెట్టిన మైన్ల వల్లే పోయిందని పాకిస్తాన్ వాదన. ముందు భాగం లోపలి నుంచి పేలినట్లుందని మన రిటైర్డ్ నౌకాదళ అధికారులే కొందరు అన్నారు. డెప్త్ చార్జీల అదురుకే లోపలి మందుగుండు పేలి ఉండవచ్చు కదా అని నాకనిపిస్తుంది, కానీ అది ఊహే. తేల్చవలసిన పాత కాగితాలు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికలు రాశాయి. గడువు తీరిన రికార్డులను వదిలించుకోవడం మన శాఖల్లో ప్రతి ఏటా చేసే పనే గనుక, ఆ వార్త దగ్గర కాసేపు ఆగిపోయాను.

రుజువుకు నిలిచే పద్దు ఒకటుంది. ఘాజీకి విక్రాంత్ దొరకలేదు. డిసెంబరు 4న దాని విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌లపై దాడిచేశాయి. నా లెక్కలో రాజ్‌పుత్ ఘనత బాంబుల కన్నా ఎక్కువగా ఆ నటనలో ఉంది. దానికి మాత్రం పతకాల జాబితాలో కాలమ్ ఉండదు.

రాజ్‌పుత్ 1976లో సర్వీసు ముగించింది. అదే పేరుతో 1980లో సోవియట్ యూనియన్ నుంచి వచ్చిన కొత్త డిస్ట్రాయరు కూడా 2021 మే 21న విశాఖలోనే సెలవు తీసుకుంది. ఘాజీ మాత్రం తొంభైమందికి పైగా సిబ్బందితో, మన బీచ్ రోడ్డుకు ఎదురుగా, ఇప్పటికీ సముద్రం అడుగునే ఉంది.