మూత్రాశయం మిగిలాక కూడా తనిఖీ మానకూడదు

బేగంబజార్‌లో సరుకు అమ్మగానే ఖాతా మూయరు. బాకీ పూర్తిగా వసూలయ్యేదాకా తెరిచే ఉంచుతారు. మూత్రాశయాన్ని కాపాడే క్యాన్సర్ చికిత్స కూడా అలాంటిదే. దాతలు ఈ సంగతి తెలుసుకోవాలనే ఈ చిన్న పాఠం.

ఈ జబ్బు చాలామందిలో నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడటంతో బయటపడుతుంది. ముఖ్య కారణం పొగాకు. క్యాన్సర్ మూత్రాశయపు కండరంలోకి దిగితే సాధారణంగా మూత్రాశయాన్నే తీసేస్తారు. తగిన రోగులకు మరో దారి ఉంది. మూత్రమార్గం గుండా పరికరం పంపి కణితిని వీలైనంత తొలగిస్తారు. తర్వాత కీమోథెరపీ, రేడియేషన్ కలిపి ఇస్తారు.

ఆ తర్వాత ఆపరేషన్ ఎప్పుడు అవసరమవుతుంది? చికిత్స ముగిశాక కూడా క్యాన్సర్ మిగిలి ఉంటే వెంటనే. తగ్గి, కొంతకాలానికి మళ్లీ కండరంలోకి దిగితే అప్పుడు. పైపొరలోనే తిరిగి వస్తే చాలాసార్లు మూత్రాశయం తీయకుండానే చికిత్స చేయవచ్చు. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో 1986–2013 మధ్య ఈ చికిత్స పొందిన 475 మందిని పరిశీలిస్తే, ఐదేళ్లలో నూటికి సుమారు 29 మందికి మూత్రాశయం తీయాల్సి వచ్చింది. తొలి ఏళ్లలో 42గా ఉన్న ఆ సంఖ్య చివరి ఏళ్లకు 16కు తగ్గింది.

ఈ ఆపరేషన్ చికిత్స ఓడిపోయినట్టు కాదు, ప్రాణం కాపాడే రెండో అవకాశం. అయితే రేడియేషన్ తగిలిన కండ నెమ్మదిగా మానుతుంది. అందుకే అనుభవం గల సర్జన్ కావాలి. ఎక్కువగా చిన్నపేగు ముక్కతో దారి చేసి, పొట్టమీద సంచిలోకి మూత్రం వచ్చేలా చేస్తారు.

"సంచితో నమాజు ఎలా?" అనే దిగులుతో ఆపరేషన్ వద్దనేవారు ఉన్నారు. దిగులు వద్దు. మూత్రం ఆగని రోగిని షరీఅత్ మాజూర్‌గా పరిగణిస్తుంది. హనఫీ పద్ధతిలో ప్రతి నమాజు వేళకు కొత్తగా వుజూ చేసుకుంటే చాలు. వివరాలు ఆలిమ్‌ను అడగండి.

తొలి రెండేళ్లు దాదాపు మూడు నెలలకోసారి, తర్వాత మరికొంత ఎడంగా మూత్రాశయం లోపల పరీక్ష చేయించాలి. రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట 1955 నుంచి నడుస్తున్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి మనకు దగ్గరే. కానీ రోజు కూలి పోతుందని, ఆటో ఖర్చుకు లేదని పేదవాడు తనిఖీ మానేస్తే, తిరిగొచ్చిన జబ్బు ఆలస్యంగా తెలుస్తుంది; ఆపరేషన్ వేళ దాటిపోవచ్చు.

కాబట్టి దాతలకు నా మనవి: ఆపరేషన్‌కు ఇచ్చినట్టే, రానుపోను ఖర్చుకు, పోయిన కూలికి, సంచులకు కూడా ఇవ్వండి. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.