బిట్టుతో ఆగిపోకండి!

గ్రూప్స్‌కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ ఉద్యోగానికో చదివేవాళ్లలో చాలామంది జీకే అనగానే బిట్లు బట్టీ పడతారు. ప్రశ్నను కాస్త తిప్పి 'కింది వాక్యాల్లో సరైనవి ఏవి?' అంటే చేతులెత్తేస్తారు. జ్ఞాపకశక్తిని తిట్టుకుని లాభం లేదు. జవాబు దొరకగానే చాలించుకునే అలవాటును మార్చుకోండి. మొదటి జవాబు వెనకాలే రెండో ప్రశ్న, దాని వెనక మూడోది వేసుకోండి. ఈ సాధనకు మన కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులే చాలు.

నగ మీది అంకె

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో నగ మీద 916 అని ఉంటుంది. అంటే 22 క్యారట్లని అందరూ చెబుతారు. 22కు 916 ఎందుకు? మేలిమి బంగారం 24 క్యారట్లు. 22ను 24తో భాగించండి: వెయ్యి పాళ్లలో 916 పాళ్లు బంగారం. మిగతా పాళ్లు ఎందుకు? మేలిమి మరీ మెత్తన, నగగా నిలవదు. అందుకే రాగి, వెండి కలుపుతారు. మరి 18 క్యారట్లకు అంకె ఎంత? 750. ఇది ఏ పుస్తకంలోనూ చూడక్కర్లేదు, మీరే కట్టేస్తారు.

కోట నుంచి వజ్రం దాకా

జమ్మలమడుగు దగ్గరి గండికోట లోయను కోసిన నది? పెన్న. ఎక్కడ పుట్టింది? కర్ణాటకలోని నంది కొండల్లో. ఏ కొండలను చీల్చింది? ఎర్రమలను. కోటకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు? టావెర్నియర్. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి వచ్చాడు. టావెర్నియర్ ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి అమ్మిన నీలి వజ్రమే తర్వాత కోతపడి 'హోప్' వజ్రమైంది. ఇప్పుడది వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. భూగోళంతో మొదలై ప్రపంచ చరిత్రలో తేలాం.

గని నుంచి గ్రహం దాకా

పులివెందుల ప్రాంతంలోని తుమ్మలపల్లెలో ఏ ఖనిజం తీస్తారు? యురేనియం. పరమాణు సంఖ్య? 92. ఎవరు కనుగొన్నారు? 1789లో జర్మన్ శాస్త్రవేత్త క్లాప్రోత్. ఆ పేరెందుకు? అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1781లో, విలియం హెర్షెల్ యురేనస్ గ్రహాన్ని కనిపెట్టాడు. ఆ గ్రహం పేరే లోహానికీ పెట్టారు. ఇలా గొలుసుకట్టుగా చదివితే రెండు సంవత్సరాలూ ఒకదాన్నొకటి గుర్తుచేస్తాయి.

ఎలా సాధన చేయాలి?

* రోజుకు ఒక్క జవాబు రాసుకోండి. కింద మూడు ప్రశ్నలు: ఎవరు? ఎప్పుడు? దేనితో సంబంధం? ఉదాహరణకు ఎర్రగుంట్ల మండలం కలమళ్ల శాసనం. క్రీ.శ. 575 నాటిదైన దీన్ని తొలి తెలుగు శాసనంగా చెబుతారు. వేయించింది ఎవరు? రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. అంతకుముందు శాసనాలు ఏ భాషల్లో ఉండేవి? ప్రాకృతం, సంస్కృతం. తెలుగుకు ప్రాచీన హోదా ఎప్పుడొచ్చింది? 2008లో.

* పుస్తకం మూసి గుర్తుతెచ్చుకోండి. అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధన ఈ సంగతే చెప్పింది. చదివిందే మళ్లీ చదివినవారికి అయిదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, తమను తాము పరీక్షించుకున్నవారిదే పైచేయి. మళ్లీ మళ్లీ చదవడంలో 'వచ్చేసింది' అనే ధీమా ఉంటుంది. ఆ ధీమాను నమ్మకండి.

* పనిచేసే చేతులను అడగండి. కంసాలికి పుటం సంగతి, చీనీ తోట రైతుకు నేల సంగతి గైడు పుస్తకం కంటే బాగా తెలుసు.

* తెలియకపోతే తెలియదనండి. మైనస్ మార్కులున్న పరీక్షలో గుడ్డిగా కొట్టిన జవాబు వచ్చిన మార్కునూ తినేస్తుంది. ఇంటర్వ్యూలో అయితే బుకాయింపు ఇట్టే బయటపడుతుంది.

ఇక మీ వంతు. 1986లో మన జిల్లా లంకమల ప్రాంతంలో మళ్లీ కనిపించిన అరుదైన పక్షి ఏది? కలివికోడి. బిట్టు అయిపోయింది. నోటుపుస్తకం తీసి, దాని కింద రాయాల్సిన మూడు ప్రశ్నలు ఈ రాత్రికే రాయండి.