తండా బడిలో గోర్ బోలి గంట: ఎలా మొదలుపెట్టాలి?

ఎల్లంతకుంట నుంచి సిరిసిల్ల దాటి వీర్నపల్లి, రుద్రంగి వైపు పోతే అడవి అంచున లంబాడీ తండాలు కనిపిస్తాయి. అక్కడి పిల్ల ఇంట్లో లంబాడీల భాష గోర్ బోలిలో అమ్మను ‘యాడి’ అంటుంది, రొట్టెను ‘బాటి’ అంటుంది. ఒకటో తరగతిలో కూర్చున్న రోజు నుంచి ఆ మాటలకు చోటుండదు. బడిలో మాట్లాడేది తెలుగు, 2022-23 నుంచి సర్కారు బడుల్లో చదువేమో ఇంగ్లిష్ మీడియం. నోరు మెదపని ఆ పిల్లను మొద్దు అనుకోవడం పెద్ద అన్యాయం. వారానికి ఒక్క గంట ఆమె భాషకు ఇస్తే చాలు, మార్పు మొదలవుతుంది.

ముందు హెచ్ఎం గారిని, బడి కమిటీని ఒప్పించాలి. “2018 చట్టం తెలుగు తప్పనిసరి అంటోంది కదా” అని అడగవచ్చు. తెలుగు గంట తెలుగుకే ఉంటుంది, ఇది అదనం అని చెప్పండి. ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు సదుపాయాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. ఇది కొత్త ప్రయోగమూ కాదు. 2004లోనే ఉమ్మడి రాష్ట్రం గోండి, కోయ, కొలామి, సవర వంటి ఎనిమిది భాషల్లో చదువు మొదలుపెట్టింది, వాటిలో లంబాడీ ఒకటి.

తర్వాత పాఠం చెప్పే మనిషి కావాలి. మీకు భాష రాకపోయినా ఇబ్బంది లేదు. తండా నాయక్‌తో మాట్లాడి, కథలు బాగా చెప్పే ఒక అవ్వను పిలవండి. ఆమెకు కైకిలి పోకుండా రోజు, వేళ కుదుర్చుకోవాలి. కైకిలి మానుకొని వస్తే ఆ రోజు కూలి కమిటీ ఇవ్వాలి. ఆమెది సేవ అనుకొని ఉత్త చేతులతో పంపడం నాకు నచ్చని పద్ధతి. ఆ గంటలో కుర్చీ ఆమెది, మీరు పిల్లల మధ్య కింద కూర్చొని వాళ్లతో పాటు పలకండి. సారు తప్పు పలికితే సరిదిద్దే అవకాశం వచ్చిన పిల్ల మరుసటి రోజు లెక్కల గంటలోనూ చెయ్యెత్తుతుంది.

మొదటి నెల పుస్తకం ముట్టవద్దు. చుట్టాల వరుసలు, వంట సామాన్లు, పశువులు, చెట్లు, అంకెలు, పొడుపు కథలు అన్నీ నోటితోనే సాగాలి. తెలుగు మాట్లాడే పిల్లలనూ కూర్చోబెట్టండి.

నెల దాటాక రాత. మహారాష్ట్రలో గోర్ బోలిని దేవనాగరిలో రాస్తారు, మన దగ్గర తెలుగు లిపి సరిపోతుంది. ముక్కుతో పలికే అచ్చులకు మన అరసున్న అక్కరకొస్తుంది. ‘ఏమిటి’ అనడానికి ‘కాఁయి’ అని రాయించండి. ఏ లిపి మేలన్న వాదన తేలేదాకా ఆగితే ఈ పిల్లలు పదో తరగతి దాటిపోతారు. అవ్వ చెప్పిన కథను వాక్యానికో చార్టు చొప్పున రాసి, బొమ్మలు పిల్లలతో వేయించి, దారంతో కుట్టండి. మీ బడి మొదటి వాచకం అదే.

ఆ వాచకంలోని మాటలనే తెలుగు, ఇంగ్లిష్ గంటల్లోకి తీసుకెళ్లండి. గోడమీద యాడి, అమ్మ, మదర్ పక్కపక్కన ఉండాలి. ఎరుకల పిల్లలు ఉన్న ఊళ్లో కుర్రు భాషకూ ఇదే దారి.

పండుగలను వదలొద్దు. శ్రావణంలో పెళ్లికాని అమ్మాయిలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచే తీజ్ చుట్టూ ఎన్నో పాటలున్నాయి. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతి, 21న అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం. ఆ వారంలో తల్లిదండ్రులను పిలిచి పిల్లలతో వాచకం చదివించండి.

2011 జనగణనలో 32 లక్షలకు పైగా లంబాడీ మాతృభాషీయులను హిందీ పద్దు కింద కలిపి చూపారు. అందుకే ఈసారి ఎన్యుమరేటర్ ఇంటికొచ్చి మాతృభాష అడిగితే ఏం రాయించాలో కూడా ఆ సభలోనే తల్లిదండ్రులకు చెప్పండి.