పరాయి భూచిత్రము – మన పట్టిక

ఒక గ్రామము ఏ జిల్లాలోనిదని అడిగినచో సమాధానము ఒక్కటే ఉండవలెనని అనుకొందుము. కాని ములుగు పరిసర గ్రామములు 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలోను, పిమ్మట జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను ఉండి, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లాలో చేరినవి. పాత సరిహద్దుల నకలును తన డేటాబేసులో దాచుకొన్న కార్యాలయము ఆ గ్రామపు విద్యార్థి దరఖాస్తును పాత జిల్లా లెక్కలోనే వేయును. మూలము మారినను నకలు మారదు. అందుచేత బయటి భూగోళ సమాచారమును ఉన్నచోటనే ఉంచి చదువుకొను పద్ధతిని మేమిచట పరిశీలించుచున్నాము.

1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ పద్ధతిలో సమాచారమంతయు పట్టికలుగా ఉండును. భూచిత్రములోనివి బిందువులు, రేఖలు, బహుభుజులు. 2001లో వెలువడిన పోస్ట్‌జిఐఎస్ అను అనుబంధము వలన పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో ఒక జిల్లా సరిహద్దంతయు పట్టికలోని ఒక గడిలో ఇమిడినది. 2011 నాటి పోస్ట్‌గ్రెస్ 9.1లో ఫారిన్ టేబుల్ అను సౌకర్యము వచ్చినది. చూచుటకు అది పట్టికయే గాని లోపల వరుసలుండవు. ప్రశ్న వేసిన క్షణమున ఒక మధ్యవర్తి మూలమునకు పోయి వరుసలను తెచ్చి అందించును. భూగోళ సమాచారమునకు అట్టి మధ్యవర్తి పేరు ఓజిఆర్ ఎఫ్‌డిడబ్ల్యు. షేప్‌ఫైలు మొదలు అనేక రూపములను అది చదువగలదు.

క్రియేట్ సర్వర్ అను ఆజ్ఞలో ఫైలున్న చోటును, దాని రూపమును తెలిపి, ఇంపోర్ట్ ఫారిన్ స్కీమా అను ఆజ్ఞ నిచ్చినచో పట్టికలు ఏర్పడును. విద్యార్థులు తడబడునది ఇచటనే. ఫైలును చదువునది మన యెదుటి కంప్యూటరు కాదు, డేటాబేసు నడచుచున్న యంత్రము. ఫైలు ఆ యంత్రమునకు అందవలెను. దానిని చదువుటకు డేటాబేసుకు అనుమతి యుండవలెను.

ఉర్దూ, తెలుగు రెండును చదువు మనకు మరియొక చిక్కు కలదు. షేప్‌ఫైలులోని అక్షర సంకేత పద్ధతిని సరిగా తెలుపనిచో రెండు లిపులలోని ఊళ్ల పేర్లును అర్థములేని గుర్తులగును. షేప్ ఎన్‌కోడింగ్ అను ఐచ్ఛికము దీనికొరకే ఉన్నది. నిలువు వరుసల పేర్లు పది అక్షరస్థానములను మించరాదనుట షేప్‌ఫైలు పాత జబ్బు. దానికి మందు లేదు.

దూరముల లెక్కయు జాగ్రత్తగా చేయవలెను. అక్షాంశ రేఖాంశములలో ఉన్న సమాచారమున దూరము డిగ్రీలలో వచ్చును. భూమధ్యరేఖపై ఒక రేఖాంశ డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు. హైదరాబాదు వద్ద సుమారు 106 మాత్రమే. మీటర్ల కొలత కావలెనన్న యుటిఎం మండలము నెన్నుకొనవలెను. హైదరాబాదు 44వ మండలములో నుండగా జహీరాబాదు 43వ దానిలో నున్నది!

ఇక వేగము. ఫారిన్ టేబుల్‌కు సూచిక నిర్మింప వీలులేదు. ఫలానా చతురస్రములోని ఊళ్లు కావలెనను షరతును మధ్యవర్తి మూలమునకే పంపగలదు గాని, ఒక బిందువు ఒక సరిహద్దు లోపల ఉన్నదా యను సూక్ష్మ పరీక్ష వరుసలు వచ్చిన పిమ్మటనే జరుగును. రోజుకు వేయిసార్లు అడుగు ప్రశ్నకు ఇది తగదు. అట్టిచోట ఫారిన్ టేబుల్‌పై మెటీరియలైజ్డ్ వ్యూ నొకటి నిర్మించి, దానికి సూచిక నిచ్చుట మేలని మా అభిప్రాయము. అదియు నకలే, కాని మూలములో సరిహద్దులు దిద్దబడిన నాడు రిఫ్రెష్ అను ఒక్క ఆజ్ఞతో అది సరియగును. ఆ ఆజ్ఞ నిచ్చు బాధ్యత ఎవరిదో మాత్రము ముందే నిర్ణయించుకొనవలెను.